శాలిని చెప్పిందన్నాను

భవానీపురం, విజయవాడ
అక్టోబరు మొదటి ఆదివారం

ఒసే శాలినీ,

ఈ ఉత్తరం నీకంటే ముందు మీ మదర్ గారు చదువుతారని తెలుసు. మదర్ గారూ, నమస్కారమండి. "ఒసే" అన్నందుకు ఏమీ అనుకోకండి. మీ దగ్గర కన్యస్త్రీ కావడానికి శిక్షణలో ఉన్న ఈ పిల్లా నేనూ డిగ్రీ నుంచి ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్ దాకా ఒకే బెంచీ. ఇంకో పిలుపు నా నోటికి రాదు.

ఇక విషయం. కుమార్ నిన్ను అడగమన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

మా పెళ్లికి ముందే అతను బంటుమిల్లి అవతల రెండు రొయ్యల చెరువులు లీజుకి తీసుకున్నాడు కదా. ఆటోనగర్‌లో చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు రిపేరు చేసే మనిషికి, ఆ ఏరేటరు తిరిగే చెరువు కూడా తనదైతే బాగుండునని సరదా. రెండు పంటలు పోయాయి. ఈ మూడోదీ పోతే చెరువులతో పాటు షాపు కూడా వదులుకోవాలి. పైకి అనడు గానీ, రోజూ షట్టరు దించాక బోర్డు కేసి ఒకసారి చూసి వస్తున్నాడు.

మొన్న పేపర్లో జిల్లా పేజీ నిండా ఒకటే వార్త. వానల తర్వాత మా వైపు చెరువుల్లో రొయ్యల తోకలు తెల్లబడి, వంగిపోయి, లేవడం లేదట. కొత్త వైరస్ అని ఒకరు, సీడ్‌లోనే వచ్చిందని ఇంకొకరు. వాట్సాప్ గ్రూపులో అయితే వీడియోల మీద వీడియోలు. చుట్టుపక్కల వాళ్లంతా రొయ్య ఎదగకుండానే వలలేసి పట్టుబడి పట్టేస్తున్నారు. అంతలో చెరువు కాపలా ఆమోసు ఫోన్ చేశాడు. "మనదాంట్లో కూడా తెల్లగా వస్తన్నాయండి బాబుగారూ."

కుమార్ పేపరు పట్టుకుని నా ఎదురుగానే కూర్చున్నాడు. ఎమ్మెస్సీ చదివిన పెళ్లాం పెసరట్టు తిప్పుతోంది. "శాలినిని అడగాలి" అన్నాడు. అట్టు మాడింది.

"నేనూ అదే చదివాను కుమార్."

"చదివావమ్మా, ఎవరు కాదన్నారు? శాలినికి గోల్డ్ మెడల్ కదా" అని అవతల గదిలోంచి మా అత్తగారు. ఆవిడకి చెవులు వినబడవని ఎవరన్నారో!

నిన్ను కోడల్ని చేసుకుంటానని మీ ఇంటికి వచ్చి, నువ్వు కాన్వెంటుకి వెళ్తున్నావని తెలిసి కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చిన మనిషి శౌరమ్మ గారు. ఆ తర్వాత నన్ను చేసుకున్నారు. నువ్వు నోవిస్ దుస్తులు వేసుకున్న రోజు ఫోటో మా ఇంట్లో మరియమాత పటం పక్కన ఉంది. నా పెళ్లి ఫోటో ఫ్రిజ్ మీద ఉంది.

దేవుడికిచ్చిన పిల్లను చూసి కుళ్లుకోకూడదని నాకూ తెలుసు. పక్కింటావిడ మీదైతే హాయిగా కుళ్లుకుని, ఎదురింటావిడతో చెప్పుకోవచ్చు. నీ విషయంలో ఆ సుఖం కూడా లేదు.

ఇది వైరస్సా? పట్టేయాలా, ఆగాలా? ఆ నోవిషియేట్‌లో నీకు ఫోన్ ఉండి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది. త్వరగా రాయి.

దీవెన


ఆటోనగర్
గురువారం

శాలినీ,

నీ జవాబు రాకముందే ఇంకోటి రాస్తున్నాను. ఇంట్లో కాదు, షాపులో కూర్చుని. పక్కన మోటారు వైండింగు మోత, గ్రీజు వాసన. ఇక్కడైతే ఎవరికి రాస్తున్నావని అడిగేవాళ్లు లేరు.

మొన్న కుమార్ బైక్ మీద చెరువుకి వెళ్లాను. కంకిపాడులో ఆగాం. అక్కడ టీ తాగుతూ, "ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుందంటావా?" అన్నాడు. టీ చేదుగా ఉంది.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించి ఉంచే వల పళ్లెం ఉంటుంది కదా, ఆ చెక్ ట్రేని ఆమోసు పైకి ఎత్తాడు. రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి. చూస్తుండగానే తోకలు పాలలా తెల్లబడి, గాలాల్లా వంగిపోయాయి. కుమార్ మొహం చూడలేకపోయాను.

"పేపర్లో పడింది ఇదేనండి మేడం గారూ" అన్నాడు ఆమోసు.

"పేపర్లో మన చెరువు పడిందా?"

"పడలేదండి. పడుద్దండి."

ఒక రొయ్యని వెలుతురుకి పట్టుకుని చూశాను. తోక తెల్లగా ఉంది, నిజమే. కానీ లోపల పేగు తల నుంచి తోక దాకా నల్లటి దారంలా నిండుగా ఉంది. కడుపు నిండా తిన్న రొయ్య! చావబోయేది ఇంత శుభ్రంగా తింటుందా? ఆ రోజుకి అక్కడే ఉండిపోదామన్నాను. తెల్లవారి ఇంకా చల్లగా ఉండగా నడుము దాకా చెరువులోకి దిగి, ట్రేని నీళ్లు దాటనివ్వకుండా చూశాను. ఒక్కటంటే ఒక్కటీ తెల్లగా లేదు. అద్దంలా ఉన్నాయి. ఒకటి తీసి అరచేతిలో కాసేపు ఉంచాను. అప్పుడు తెల్లబడి వంగింది.

ఇది జబ్బు కాదే. వానకి చెరువు నీళ్లు పలచబడి, ఖనిజాలు తగ్గిపోయి, ఎండలో పైకి లాగేసరికి కండరాలు పట్టేస్తున్నాయి. మనకి కాళ్లు కొంకర్లు పోతాయే, అలాంటిది. కుమార్‌తో అదే చెప్పాను. "మినరల్స్ వెయ్యి. రెండు ఏరేటర్లు ఎక్కువ తిప్పు. ఎండలో ట్రే ఎత్తొద్దు. ల్యాబ్‌కి నాలుగు రొయ్యలు పంపు. పట్టుబడి మాత్రం వద్దు."

అంతా విన్నాడు. తల ఊపాడు. "శాలిని ఏమంటుందో చూద్దాం" అన్నాడు.

నడుము దాకా బురదలో ఉన్నాను శాలినీ. నీకు ఆ కూనూరు కొండ మీద చెరువు కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "ఊరంతా పట్టేస్తుంటే మీరేం చూస్తన్నార్రా? వలలోళ్లతో నేను మాట్లాడేశా. రేపు పొద్దున్నే వస్తారు." కుమార్ నా వైపు, ఆవిడ వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "శాలిని ఫోన్ చేసింది."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"మదర్ గారి ఫోన్ నుంచి చేసింది. కొంపలేం మునగలేదంది. వలలు వెనక్కి పంపి మినరల్స్ వెయ్యమంది. ఎండలో ట్రే ఎత్తొద్దంది."

అత్తగారు సిలువ గుర్తు వేసుకున్నారు. "చూశావా! సిస్టరమ్మ ఒక్క మాట చెప్తే ఎంత ధైర్యంగా ఉందో. నాకివ్వకూడదంటే ఫోను?" వలలు ఆగిపోయాయి. కుమార్ ఒక్క క్షణం నన్ను అదోలా చూసి, "సరే" అన్నాడు.

అవే మాటలు శాలినీ. గట్టు మీద నా నోట చప్పగా ఉన్నవి, గుమ్మంలోకి వచ్చేసరికి నీ నోట దేవుని వాక్యమైపోయాయి. వాటికి కావలసిందల్లా నీ పేరు.

మదర్ గారూ, మీ ఫోన్ వాడుకున్నందుకు క్షమించండి.

దీవెన


కూనూరు
అక్టోబరు 9

ప్రియమైన దీవెనా,

ప్రభువు శాంతి నీకు తోడుగా ఉండుగాక.

నీ మొదటి ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. మాకు ఉత్తరాలు రాసుకునే ఆదివారం ఇంకా రాలేదు గానీ, సంగతి తొందరదని మదర్ గారు అనుమతి ఇచ్చారు.

నువ్వు కంగారు పడకు. నువ్వు ప్రతిదానికీ కంగారు పడతావు. తోక తెల్లబడడం, వంగిపోవడం కండరాలకు సోకే వైరస్ లక్షణాలు. రికార్డు బుక్కులో నేను వేసిన బొమ్మ చూసి నువ్వు వేసుకున్నావు, గుర్తుందా? ఆలస్యం చేస్తే రెండో చెరువు కూడా దక్కదు. వెంటనే పట్టుబడి పట్టేయమని కుమార్ గారితో చెప్పు. రొయ్య చిన్నదైనా పరవాలేదు. నాకు ఇందులో సందేహం లేదు.

ఇక్కడ చలి మొదలైంది. నేను తోట పనిలో ఉన్నాను. క్యాబేజీలకు పట్టిన పురుగుని చేత్తో ఏరుతుంటే నువ్వు గుర్తొస్తావు, ల్యాబ్‌లో పురుగంటే బల్ల ఎక్కేదానివి కదా. డిసెంబరు ఎనిమిదిన మరియమాత పండుగ నాడు నా మొదటి మాటపట్టు. ఆ రోజు ప్రభువుకి మాట ఇచ్చి సిస్టర్ని అవుతాను. మీరిద్దరూ తప్పక రావాలి. శౌరమ్మ ఆంటీకి నమస్కారాలు చెప్పు. మీ ఇంటి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

క్రీస్తునందు నీ
శాలిని


భవానీపురం
అక్టోబరు చివరి వారం

శాలినీ,

నీ ఉత్తరం వచ్చింది. ఎలా వచ్చిందో, వచ్చాక ఏమైందో చెబుతాను. మదర్ గారూ, మీరు కూడా కుర్చీ వేసుకోండి.

పోస్ట్‌మ్యాన్ కవరు అత్తగారి చేతికే ఇచ్చాడు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని మరియమాత పటం దగ్గర పెట్టింది. మా సీఎస్‌ఐ ప్రొటెస్టెంట్లకి జపమాల అలవాటు లేదని నీకు తెలుసు. పెళ్లయ్యాక ఆ వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకుంటాను. ఆ సాయంత్రం మాత్రం జపమాల అయ్యాక పిలిచింది. "అమ్మాయ్, నా కళ్లజోడు ఆనడం లేదు. సిస్టరమ్మ ఉత్తరం పైకి చదువు. కుమారా, టీవీ కట్టెయ్రా."

కవరు చింపాను. "వెంటనే పట్టుబడి పట్టేయమని కుమార్ గారితో చెప్పు."

కొవ్వొత్తి వెలుతురులో ఆ వాక్యం ఎంత బాగుందో చెప్పలేను. గోల్డ్ మెడల్ లెక్క తప్పింది! సందేహం లేదని మరీ రాసి తప్పింది! అప్పటికే మా చెరువులో రొయ్యలు తేరుకున్నాయి. మధ్యాహ్నం ఎత్తినా తోకలు తెల్లబడడం లేదు. జబ్బేమీ లేదని ల్యాబ్ వాళ్లు చెప్పేశారు. తొందరపడి పట్టేసిన పక్క చెరువాయన గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఎప్పటి నుంచో కోరుకున్న కాగితం అది. నీ దస్తూరీలో, నీ సంతకంతో.

చదవలేను. చదివితే, మరి ఫోన్ చేసిందెవరే అంటారు. నా అబద్ధమే నా గెలుపుకి తాళం వేసి కూర్చుంది.

అందుకని కాగితం చూస్తూ నా సొంతంగా చదివాను. "ప్రియమైన దీవెనా, ప్రభువు శాంతి. ఫోన్‌లో చెప్పినట్టే చేశారని తలుస్తాను. తొందరపడి పట్టుబడి పట్టకండి. ప్రార్థిస్తున్నాను." మధ్యలో క్యాబేజీ పురుగుల ముక్క ఉన్నదున్నట్టు చదివాను, నిజంలా ఉంటుందని. నీ గొంతు నాకు బాగానే వచ్చింది. ఆ "ప్రతిదానికీ కంగారు పడతావు" కూడా వదల్లేదు. అత్తగారు నవ్వింది. "సరిగ్గా చెప్పింది!" అంది.

కుమార్ కిందికి చూస్తూ కూర్చున్నాడు. నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో తెలియలేదు.

ఇప్పుడు చెప్పు. చూడకుండా, ముట్టుకోకుండా, అంత దూరం నుంచి "సందేహం లేదు" అని ఎలా రాశావే? నాకు తెలియదు అని రాస్తే మెడల్ వెనక్కి తీసుకుంటారా? మా ఆయన నిన్నడిగాడు. మా అత్తగారు నిన్ను నమ్మింది. నువ్వు తప్పు చెప్పినా ఈ ఇంట్లో ఒప్పు నీదే. నేను ఒప్పు చెప్పినా అదీ నీదే. నాకు మిగిలిందేమిటి, మాడిన పెసరట్టా?

డిసెంబరు ఎనిమిదికి అత్తగారు ఇప్పటి నుంచే పట్టుచీర తీసి ఎండలో వేసింది. కుమార్ రైలు టికెట్లు చూస్తున్నాడు. మూడు.

దీవెన


కూనూరు
నవంబరు 16

దీవెనా,

నీ తర్వాతి ఉత్తరాలు రెండూ చదివాను. వాటి వెనకే శౌరమ్మ ఆంటీ ఎవరి చేతనో రాయించిన ఉత్తరం కూడా వచ్చింది. "సిస్టరమ్మా, నీ ఫోన్ మాటే మా చెరువుని నిలబెట్టింది" అని.

మదర్ గారికి మాత్రం అప్పటికే అంతా తెలుసు, నీ ఉత్తరాలు నాకంటే ముందు ఆవిడే చదివారు కదా. అయినా రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ ఆంటీ ఉత్తరమే చదివించారు. నోవిస్‌లంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ నా వైపే చూస్తున్నారు. నేను లేచి నిజం చెబుతానని ఎదురుచూశారు. నేను లేవలేదు, దీవెనా. చప్పట్లు బాగున్నాయి. కాన్వెంటుకి వచ్చాక నా చదువు కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

మర్నాడు నేనే వెళ్లి చెప్పాను. ఎందుకంత ఖాయంగా రాశావని ఆవిడ కూడా నీలాగే అడిగారు. నీకు చెప్పాల్సిన జవాబే ఆవిడకి చెప్పాను.

నీ మొదటి ఉత్తరంలో "కుమార్ నిన్ను అడగమన్నాడు" అని ఉంది. నువ్వే అడిగి ఉంటే, నాకు తెలియదే, నువ్వే వెళ్లి చూడు, ప్రాక్టికల్స్‌లో చెయ్యి నీదే కదా అని రాసేదాన్ని. అతను అడిగాడు కాబట్టి తెలియదని రాయలేకపోయాను. అంతకంటే ఏమీ లేదు. ఆ మాత్రం నా మనసులో ఉందని నాకూ ఆ రోజే తెలిసింది. ఈ ఉత్తరం మదర్ గారు చదివారు. చదివాకే కవరు అంటించాను.

నువ్వు నన్ను చూసి కుళ్లుకుంటున్నానని ఎంత ధైర్యంగా రాస్తావు! నడుము దాకా చెరువులో దిగావని చదివినప్పుడు నేను ఆ కాగితం మడిచి చాలాసేపు పక్కన పెట్టేశాను. ఎందుకో నువ్వే ఊహించుకో.

ఇక నా వార్త. డిసెంబరు ఎనిమిదిన నాకు మాటపట్టు లేదు. నా తోటి వాళ్లు నలుగురికీ ఉంది. మదర్ గారు నన్ను పిలిచి, "నువ్వు ఆగమ్మా" అన్నారు. అంతే. ఎంతకాలమో, ఎందుకో చెప్పలేదు. ఇది శిక్షా? ఆలోచించుకోమనా? ఇంటికి వెళ్లిపోమని మెల్లగా చెప్పడమా? ఇక్కడ ఎవరినీ అడగలేను. ఆ మాటనే రోజంతా తిప్పి తిప్పి చూస్తున్నాను. నీకు మనుషుల్ని చూడడం వచ్చు. దీనికి అర్థం ఏమిటో నువ్వు చెప్పు.

శాలిని


భవానీపురం
డిసెంబరు 1

శాలినీ,

ముందు నా సంగతి చెప్పేస్తాను. లేకపోతే నీ సంగతికి మనసు పెట్టలేను.

పోయిన వారం పట్టుబడి అయింది. మంచి సైజు. షాపు బోర్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. అత్తగారు కుర్చీ వేయించుకుని గట్టు మీదే కూర్చుంది. పక్క చెరువాయన వచ్చి, "మీరెట్టా ఆగగలిగారమ్మా?" అన్నాడు. "మాకు కాన్వెంటులో సిస్టరమ్మ ఉందిగా" అని ఆవిడ మొదలుపెట్టింది. అప్పటికి నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. నువ్వు మీ మదర్ ముందు ఒప్పుకున్నాక నేనింకా దాచడం నాకే బాగోలేదు. అసలు నిజం చెప్పాలంటే, ఆగలేకపోయాను.

"నేనండీ!" అని అరిచాను. వలలు లాగేవాళ్లు కూడా ఆగి చూశారు. "ఫోనూ లేదు, గీనూ లేదు. శాలిని పట్టేయమనే రాసింది. ఆగమన్నది నేను!"

అత్తగారు కుర్చీలోంచి నా వైపు తిరిగింది. "ఆ ముక్క మొదటే ఏడవచ్చుగా?"

"చెప్పానండీ. మీరు వినలేదు."

"నువ్వు చెప్పినట్టు చెప్పవే. పోట్లాడినట్టు చెప్తావు" అంది. పక్క చెరువాయనతో మాత్రం, "మా కోడలేలే. అదీ చదివింది ఈ చదువే" అంది. నాకేసి చూడకుండా.

కుమార్ మాత్రం నవ్వుతూ నిలబడ్డాడు. "నాకు ఆ రోజే తెలుసు. 'కొంపలేం మునగలేదు' అని శాలిని అనదు."

"తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?"

"అమ్మ వినాలిగా. నువ్వు చెప్పావనే వలలు ఆపాను. శాలిని నిజంగా చేసుంటే ఇంకోసారి ఆలోచించేవాణ్ణి."

"మరి మొదటే నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఏమంటావు? 'నాకేం తెలుసు, మెడల్ వచ్చినవాళ్లని అడుగు' అంటావు. శాలిని పేరెత్తితే గానీ నువ్వు చెరువు గట్టెక్కవు దీవెనా."

కంకిపాడు వచ్చేదాకా అతనితో మాట్లాడలేదు. నిజం చెప్పినవాళ్లతో అంత త్వరగా మాట్లాడకూడదు. అక్కడ టీ తాగాం. టీ బాగుంది. ఆ సంగతి కూడా అతనికి చెప్పలేదు.

నా పెళ్లి ఫోటో ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. నిన్న అత్తగారు దాని దుమ్ము తుడిచింది. మరియమాత పక్కన నీ ఫోటో అలాగే ఉంది. దాన్ని తీస్తారేమో అని రెండు రోజులు చూశాను. తర్వాత, తీస్తే నేనే పోట్లాడతానని తోచింది. ఎందుకని అడగకు.

నీ ఉత్తరం ఈసారి పోస్ట్‌మ్యాన్ రాగానే నేనే ఎదురెళ్లి తీసుకున్నాను. ఎవరికీ చదివి వినిపించలేదు. "అతను అడిగాడు కాబట్టి" అన్న చోట నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతోంది. నువ్వు దాచి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు కదా అనుకున్నాను. తెలియకపోతే ఎంత బాగుండును అని కూడా అనుకున్నాను. కుమార్ "శాలిని ఏం రాసింది?" అన్నాడు. "చలిగా ఉందట" అన్నాను.

ఇప్పుడు నీ వార్త. "ఆగు" అన్నదానికి అర్థం చెప్పమన్నావు. మేం చెరువు పట్టకుండా ఆగాం, అది మంచికే అయింది, నీదీ అంతే అని రాయడానికి కలం ఎత్తాను. ఎంత చక్కగా కుదురుతుందో! చదివి నువ్వు కళ్లు తుడుచుకునేదానివి. కానీ నువ్వు రొయ్యవి కావు. మదర్ గారి మొహం నేను చూడలేదు. ఆ మాట ఏ గొంతుతో అన్నారో వినలేదు. నువ్వు అన్నం తింటున్నావో లేదో కూడా నాకు తెలియదు.

నాకు తెలియదే శాలినీ. చూడనిదానికి అర్థం చెప్పను.

టికెట్లన్నీ రద్దు చేయలేదు. ఒకటి ఉంచి రెండు తీసేయించాను. అత్తగారు పట్టుచీర మడిచి పెట్టేస్తూ, నీకు కారప్పూస కట్టించి ఇస్తానంది. ఎనిమిదో తారీఖున నీ తోటి వాళ్లు మాట ఇస్తుంటే వెనక బల్ల మీద ఒక్కదానివే కూర్చుంటావు కదా. పక్కన చోటు ఉంచు. వచ్చి, నిన్ను చూసి చెబుతాను. మదర్ గారూ, గెస్ట్ రూమ్‌లో దుప్పటి ఒకటి ఎక్కువ ఇప్పించండి. నాకు చలి ఆగదు.

కుమార్‌ని తీసుకురావడం లేదు. నేనింకా అంత మంచిదాన్ని కాలేదు.

నీ
దీవెన